ఏనుగును చూచినదెవరు? ఛాతీ వ్యాధుల నిర్ణయములో నిపుణుల సమష్టి కృషి

నిపుణులు కలసి పనిచేయుటను మెచ్చుకొనవలసి వచ్చినపుడు మనవారికి వెంటనే స్ఫురించు ఉపమానము అంధగజ న్యాయము. ఒక అంధుడు తొండమును తడిమి ఏనుగు రోకలివలె నున్నదనెను. ఒకడు చెవిని తడిమి చేటవలె నున్నదనెను. మరియొకడు కాలిని తడిమి స్తంభమువలె నున్నదనెను. తగవులాడుట మాని తమకు తెలిసినది ఒకచోట చెప్పుకొన్నచో ఏనుగు బయటపడును గదా! ఛాతీ వ్యాధుల విషయమునను ఇట్లే యని చెప్పుదురు. రోగిని ఎదుట కూర్చుండబెట్టుకొని పరీక్షించిన వైద్యునికి ఒక భాగము తెలియును. సి.టి. స్కాన్ చిత్రములను చదువు రేడియాలజిస్టుకు మరియొక భాగము తెలియును. ఊపిరితిత్తినుండి తీసిన చిన్న ముక్కను సూక్ష్మదర్శిని క్రింద చూచు పాథాలజిస్టుకు వేరొక భాగము తెలియును. మువ్వురును ఒక బల్లచుట్టు కూర్చుండి మాటలాడుకొన్నచో రోగము తేలును.

ఉపమానము అందముగనే యున్నది. కాని ఇందొక లోపము కలదు. కథలో కన్నులున్నవాడొకడు దూరముగా నిలుచుండి ఏనుగును చూచుచున్నాడు. మనకు కథ చెప్పినవాడు వాడే. వాడున్నాడు గనుకనే అంధులు పొరబడిరని మనకు తెలిసినది. ఛాతీ వ్యాధులలో కొన్నిటి విషయమున అట్టి కన్నులున్నవాడు లేడు. మువ్వురును ఏకాభిప్రాయమునకు వచ్చి ఇది ఏనుగే యనినచో, కాదు, ఎనుబోతు అని చెప్పగలవాడెవడు? ఈ వ్యాసమున పరిశీలింపదలచినది ఈ ప్రశ్ననే.

అన్ని ఛాతీ వ్యాధులకును ఈ చిక్కు లేదు. క్షయనే తీసికొందము. రోగి చిక్కిపోవుట, సాయంకాలపు జ్వరము, ఎక్సురే ఫిల్ముమీది మచ్చ ఇవన్నియు అనుమానమునకు తావిచ్చునవే కాని నిశ్చయము కలిగించునవి కావు. వానిపై వైద్యులు ఎంతసేపైనను వాదింపవచ్చును. 1882లో రాబర్టు కాక్ కనుగొనిన సూక్ష్మజీవి కఫములో కనబడినంతనే వాదము ముగియును. ఊపిరితిత్తి క్యాన్సరులోను సామాన్యముగా సూదితో తీసిన కణములు సాక్ష్యమిచ్చును. అట్టిచోట నిపుణుల సమావేశము ముఖ్యముగా చికిత్సను ఎన్నుకొనుటకు అక్కరకు వచ్చును: శస్త్రచికిత్స చేయవలయునా, కిరణములు వాడవలయునా, మందులతో సరిపుచ్చవలయునా అని.

ఇట్టి సాక్షి దొరకని వ్యాధుల కుటుంబమొకటి కలదు. ఊపిరితిత్తులలో గాలి చేరు బుడగలు కోట్లకొలది యున్నవి. ఒక బుడగకును దానిని చుట్టుకొనియున్న రక్తకేశనాళికకును నడుమనున్న గోడ మందము మిల్లీమీటరులో వేయవవంతుకు అటునిటుగా నుండును. ఆ గోడలయందు వాపు చేరుటయు, పిదప అచట మచ్చకట్టుటయు ఈ వ్యాధుల లక్షణము. గోడ దళసరి యైనకొలది ఆమ్లజని రక్తములోనికి చేరుట కష్టమగును. ఊపిరితిత్తి బిగుసుకొనిపోయి వ్యాకోచింపదు. రోగికి పొడిదగ్గు వచ్చును. మెట్లెక్కినచో ఆయాసము కలుగును. వీపు క్రిందిభాగమున స్టెతస్కోపు నుంచి వినినచో, ఊపిరి పీల్చుట ముగియువేళ, చెవిదగ్గర వెంట్రుకలను వ్రేళ్ళతో నులిమినట్టి చప్పుడు వినబడును. ఇట్టి వ్యాధులు రెండువందలకు పైగా నున్నవని గ్రంథములు చెప్పుచున్నవి. వానిలో చాలవాటిలో రోగి చెప్పు బాధలు ఒకే తీరుగా నుండును.

మన ప్రశ్నకు వానిలో రెండు చాలును. మొదటిదానిని ఇంగ్లీషు గ్రంథములు ఇడియోపతిక్ పల్మనరీ ఫైబ్రోసిస్ అనుచున్నవి. కారణమేదియో తెలియకుండ ఊపిరితిత్తులు మచ్చకట్టుకొని పోవుట దీని స్వభావము గనుక ‘కారణమెరుగని మచ్చవ్యాధి’ అందము. మందు లేనిచో ఇది బయటపడిన పిదప రోగులు సగటున మూడు నుండి ఐదు సంవత్సరములకంటె ఎక్కువ జీవింపరు. రెండవది హైపర్‌సెన్సిటివిటీ న్యుమోనైటిస్. బూజు, పక్షుల రెట్టయందలి పదార్థములు, కొన్ని సూక్ష్మజీవులు ధూళితో కలసి ఊపిరిలోనికి పోగా, శరీరము వానిని శత్రువులుగా నెంచి చేయు పోరాటములో ఊపిరితిత్తియే దెబ్బతినుట దీని స్వభావము. దీనిని ‘ధూళిస్పందన వ్యాధి’ అందము. 1932లో ఇంగ్లండులో బూజుపట్టిన ఎండుగడ్డిని తిరుగవేయు రైతులయందు దీనిని వర్ణించిరి. 1941లో అమెరికాలోని న్యూ ఆర్లియన్సు వైద్యులు చెరకుపిప్పి ధూళివలన వచ్చు ఊపిరితిత్తి వ్యాధిని వర్ణించిరి. పిదప అదియు ఈ కుటుంబములోనిదే యని తేలినది. చెరకు ఫ్యాక్టరీల దగ్గర పిప్పి గుట్టలను చూచిన మన విద్యార్థులకు ఈ సంగతి వింతగా తోచకపోవచ్చును.

ఈ రెండు వ్యాధులును ముదిరిన పిదప స్కాన్‌లో ఒకదానినొకటి పోలియుండవచ్చును. రెండింటను ఊపిరితిత్తి తేనెపట్టువలె గూళ్ళుగూళ్ళుగా మారవచ్చును. పేరు ఏదైననేమి, మచ్చ మచ్చయే కదా యని పాఠకుడు అడుగవచ్చును. పేరు మారినచో మందు మారును. ధూళిస్పందన వ్యాధికి మొదటి చికిత్స ఆ ధూళిని తొలగించుట. వాపు ఎక్కువగా నున్నచో స్టెరాయిడు మందులను వాడుట. కారణమెరుగని మచ్చవ్యాధికి కూడ పూర్వము స్టెరాయిడును, దానితోపాటు రోగనిరోధకశక్తిని తగ్గించు మందును ఇచ్చెడివారు. 2012లో ప్రచురింపబడిన అమెరికా పరిశోధనలో ఆ మందుల కలయికను పుచ్చుకొన్నవారిలో ఎనిమిదిమంది చనిపోగా, ఉత్తిమాత్రలు పుచ్చుకొన్నవారిలో ఒక్కరే చనిపోయిరి. ఆ చికిత్సను నడుమనే ఆపివేయవలసి వచ్చినది. ఒక వ్యాధిలో మేలు చేయు మందు మరియొక వ్యాధిలో ప్రాణము తీయుచున్నది. 2014లో అమెరికాలో అనుమతి పొందిన రెండు క్రొత్త మందులు మచ్చకట్టు వేగమును తగ్గించును గాని, రోగి పడకగదిలో బూజు గాలి వీచుచునే యున్నచో అవి చేయగల మేలు కొంచెమే. కాబట్టి బల్లచుట్టు కూర్చుండువారు పెట్టు పేరు రోగి ఆయుర్దాయమునకు సంబంధించినది.

ఒకప్పుడు ఈ పనులన్నియు ఒక్కడే చేసెడివాడు. 1816లో స్టెతస్కోపును కనిపెట్టిన లయన్నెక్ బ్రతికియున్నపుడు రోగి ఛాతీని వినెను. ఆ రోగి చనిపోయిన పిదప తానే కోసి చూచెను. విన్న చప్పుడునకును చూచిన మచ్చకును పొత్తు కుదిర్చి 1819లో గ్రంథము వ్రాసెను. తన నిర్ణయములోని తప్పు తన చేతిలోని కత్తిచేతనే బయటపడెడిది. విద్య పెరిగినకొలది పనులు విడిపోయినవి. 1895లో రంట్‌జెన్ కిరణములు రాగా నీడలను చదువువారు వేరైరి. ఆ నీడలను చదువుట ఎంతటి చిక్కుపనియో 1947లో అమెరికాలో ప్రచురింపబడిన ఒక పరిశోధన చాటి చెప్పెను. 1,256 మంది ఛాతీ ఫిల్ములను ఐదుగురు అనుభవజ్ఞులు వేరువేరుగా చదివిరి. ఒకరు క్షయ యున్నదన్నచోట మరియొకరు లేదనుట తరచుగా జరిగినది. అంతకంటె ఆశ్చర్యమేమనగా, కొంతకాలము గడచిన పిదప అదే ఫిల్మును తిరిగి చదివినపుడు ఒకే నిపుణుడు తనతో తానే విభేదించెను. క్షయ నిపుణులకు ఇది నచ్చలేదు. కాని ఆ లెక్కలను త్రోసివేయుటకు దారి దొరకలేదు.

మన ప్రాంతములోనే జరిగిన మరియొక సంగతి ఇంతకంటె బోధకరమైనది. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరములో నున్న క్షయ ఆరోగ్యశాలలో ఫ్రిమట్ మోలర్, బార్టన్ అను వైద్యులు కొందరు రోగులను వేరుచేసి చూచిరి. ఎక్సురేలో ఊపిరితిత్తులనిండ చిన్న చిన్న మచ్చలు కనబడుటచేత క్షయ యనుకొనుట సహజము. కాని కఫములో సూక్ష్మజీవి లేదు. రక్తములో ఇయోసినోఫిల్ అను తెల్లకణములు మితిమీరి యున్నవి. క్షయవలె కనబడి క్షయ కాని ఈ స్థితిని గూర్చి 1940లో వారు ప్రకటించిరి. 1943లో వైన్‌గార్టెన్ అను వైద్యుడు ఇట్టి రోగులను 81 మందిని వర్ణించి ‘ఉష్ణమండల ఇయోసినోఫిలియా’ అని పేరు పెట్టెను. పిదప ఇది బోదకాలు కలిగించు క్రిములపై శరీరము చేయు తీవ్రస్పందనమని తేలినది. ఆ క్రిములను చంపు మందుతో కుదిరినది. ఎక్సురేను పదిమంది నిపుణులు చూచియుండినను పదిమందియు క్షయ యనియే యుందురు. వారికి కావలసినది మరియొక ఎక్సురే నిపుణుడు కాదు. రక్తపు చుక్కను గాజుపలకపై పూసి కణములను లెక్కించు మనిషి. ఈ భేదము మరువరానిది. ఒకే సాక్ష్యమును చూచువారి సంఖ్య పెరుగుటవలన కలుగు లాభము వేరు. వేరు దిక్కునుండి వచ్చు సాక్ష్యమువలన కలుగు లాభము వేరు.

అంతరాళ వ్యాధులలో వైద్యుడును పాథాలజిస్టును చేయికలుపుటకు ప్రసిద్ధమైన ఉదాహరణము బాల్టిమోరులోని జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రికి చెందిన హామన్, రిచ్. మొదటివాడు రోగులను చూచు వైద్యుడు, రెండవవాడు పాథాలజిస్టు. త్వరత్వరగా మచ్చకట్టి ప్రాణము తీసిన ఒక వ్యాధిని 1935లోను, నలుగురు రోగుల వృత్తాంతముతో 1944లోను వారు వర్ణించిరి. ఇదియు మరణానంతర పరీక్షపై ఆధారపడిన పనియే. బ్రతికియున్న రోగి విషయమున ఇట్టి పొత్తు కుదురుటకు ఊపిరితిత్తిని పొరలుపొరలుగా చూపు సి.టి. స్కాన్ రావలసివచ్చెను. మిల్లీమీటరు మందపు పొరలలో మచ్చ ఏ అంచున నున్నది, పైన నున్నదా క్రింద నున్నదా, తేనెపట్టు గూళ్ళున్నవా, లేక మంచుపట్టిన గాజువలె మసక మాత్రమే యున్నదా అనునవి 1980 తరువాత కంటికి కనబడసాగినవి. 2002లో అమెరికా, ఐరోపా ఛాతీ వైద్య సంఘములు కలసి, ఈ వ్యాధుల పేరు పాథాలజిస్టు ఒక్కడు చెప్పవలసినది కాదనియు, వైద్యుడు, రేడియాలజిస్టు, పాథాలజిస్టు ముగ్గురును మాటలాడుకొని నిశ్చయింపవలసినదనియు ప్రకటించినవి. అంతకుముందు తుదిమాట సూక్ష్మదర్శినిది. ఆనాటినుండి తుదిమాట సమావేశమునకు దక్కినది.

సమావేశమువలన లాభమున్నదని చూపుటకు 2004లో ప్రచురింపబడిన అమెరికా పరిశోధనను అందరును ఉదాహరింతురు. ముగ్గురు వైద్యులు, ఇద్దరు రేడియాలజిస్టులు, ఇద్దరు పాథాలజిస్టులు 58 మంది రోగుల వృత్తాంతములను మెట్టుమెట్టుగా పరిశీలించిరి. మొదట ఎవరికివారు అభిప్రాయము వ్రాసిరి; పిదప క్రొత్త సమాచారము చేర్చబడెను; పిదప చర్చ జరిగెను. ప్రతి మెట్టునను వారి అభిప్రాయములు నమోదు చేయబడినవి. చివరకు కారణమెరుగని మచ్చవ్యాధిగా తేలిన రోగులలో, ముక్క పరీక్ష ఫలితము చూడకముందే వైద్యులు 75 శాతములో ఆ పేరు చెప్పిరి. రేడియాలజిస్టులు 48 శాతములో చెప్పిరి. సంభాషణ సాగినకొలది వారి ఏకాభిప్రాయము పెరిగినది.

పరిశోధన నిజాయితీ గలది. ఎవరు ఎప్పుడు మనసు మార్చుకొనిరో దాచలేదు. కాని దీనినుండి చాలమంది తీయు నిర్ణయము దీనిలో లేదు. ఏడుగురు ఒక గదిలో కూర్చుండి మాటలాడుకొన్న పిదప వారి అభిప్రాయములు దగ్గరపడుట సహజమే. తరగతిలో లెక్క యిచ్చి, మొదటి బెంచీలోని చురుకైన బాలుని జవాబు పైకి చెప్పించిన పిదప తక్కినవారి జవాబులను అడిగిచూడుడు. ఏకాభిప్రాయము తప్పక పెరుగును. ఆ బాలుని జవాబు సరియైనదైనను పెరుగును, తప్పైనను పెరుగును. ఉపాధ్యాయునికి జవాబు ముందే తెలియును గనుక తేడా పట్టుకొనగలడు. సమావేశమునకు ఉపాధ్యాయుడు లేడు. పైగా 75 శాతము, 48 శాతము అను లెక్కలు దేనితో పోల్చి వేసినవి? ఆ సమావేశము తుదకు ఒప్పుకొన్న పేరుతోనే. తన చేతికోలను తానే కొలుచుకొన్నట్లున్నది.

ఒక బృందము తనలో తాను ఏకీభవించుట పరీక్ష కాదు. ఒకరినొకరు ఎరుగని రెండు బృందములకు ఒకే రోగి వృత్తాంతమునిచ్చినచో రెండును ఒకే పేరు చెప్పునా? ఇది పరీక్ష. దీనిని 2016లో చేసి చూపిరి. ఏడు దేశములకు చెందిన ఏడు బృందములకు 70 మంది రోగుల వృత్తాంతములను ఇచ్చిరి. ప్రతి బృందమునను వైద్యుడు, రేడియాలజిస్టు, పాథాలజిస్టు ఉండిరి. ఫలితమును చెప్పుటకు ముందు దానిని కొలిచిన కోలను గూర్చి నాలుగు మాటలు చెప్పవలసియున్నది. విద్యార్థులకు ఇది ఇతరత్రా కూడ పనికివచ్చును.

ఇద్దరు పరీక్షకులు 200 జవాబు పత్రములను వేరువేరుగా దిద్దిరనుకొందము. ఒక్కొక్కరు 180 మందిని ఉత్తీర్ణులను చేసి 20 మందిని తప్పించిరి. 182 పత్రముల విషయమున ఇద్దరి తీర్పును ఒక్కటియే. నూటికి 91; మెచ్చుకొనదగినట్లే కనబడుచున్నది. కాని వారు పత్రములను చదువకయే, కన్నులు మూసికొని, పదింటిలో తొమ్మిదిటిని ఉత్తీర్ణము చేసియుండినచో ఏమగును? ఇద్దరును ఉత్తీర్ణము చేసినవి సుమారు 162, ఇద్దరును తప్పించినవి 2, వెరసి 164 పత్రములలో అదృష్టవశముననే ఏకీభవింతురు. 164 తీసివేయగా మిగిలినవి 36. నిజముగా చదివి తీర్పు చెప్పిన ఫలము ఈ 36లోనే కనబడవలయును. వారు సాధించినది 182లోనుండి 164 పోగా 18, అనగా 36లో సగము. ఈ 0.50ను ‘కప్పా’ అందురు. 1960లో జాకబ్ కోహెన్ అను మనస్తత్త్వ శాస్త్రజ్ఞుడు దీనిని ప్రవేశపెట్టెను. అదృష్టమునకు మించి ఏకీభవింపనిచో కప్పా సున్న. ఎల్లప్పుడును ఏకీభవించినచో ఒకటి. ఇద్దరికంటె ఎక్కువమంది యున్నపుడును ఇదే సూత్రమును విస్తరించి వాడుదురు.

ఏడు బృందములు మొదటి నిర్ణయముగా చెప్పిన పేర్లనన్నిటిని కలిపి చూచినపుడు కప్పా 0.50. మన ఇద్దరు పరీక్షకుల స్థితియే. పేరుపేరున చూచినచో కథ మారును. కారణమెరుగని మచ్చవ్యాధికి 0.60, కీళ్ళవాతము వంటి వ్యాధులతో కూడి వచ్చు ఊపిరితిత్తి జబ్బునకు 0.64. ఇవి చాలవరకు మేలే. ధూళిస్పందన వ్యాధికి మాత్రము 0.24. ఒక దేశపు బృందము ధూళిస్పందన వ్యాధి యన్నదానిని మరియొక దేశపు బృందము వేరొక పేరుతో పిలుచుట ఏ అరుదైన సంఘటనయు కాదని దీని భావము. పూర్తి హంగులతో మువ్వురు నిపుణులును కూర్చున్న చోటనే ఇట్లున్నది.

మన దేశమునకు ఇది పరుల సంగతి కాదు. 2017లో ప్రచురింపబడిన భారతీయ పట్టికలో 19 నగరములలోని 27 ఆసుపత్రులనుండి 1,084 మంది రోగులు చేర్చబడిరి. నిపుణుల చర్చచేతనే ప్రతి రోగికిని పేరు నిర్ణయించిరి. 513 మందికి, అనగా 47.3 శాతమునకు, ధూళిస్పందన వ్యాధి; 148 మందికి, అనగా 13.7 శాతమునకు, కారణమెరుగని మచ్చవ్యాధి. ధూళిస్పందన వ్యాధిగా తేలినవారిలో ఇంచుమించు సగముమంది ఎయిర్ కూలరు గాలిలో నుండువారు. మరుసటి సంవత్సరము చండీగఢ్‌లోని ఒక పెద్ద ఆసుపత్రినుండి 803 మంది రోగుల లెక్క వెలువడెను. అందు ధూళిస్పందన వ్యాధి 10.7 శాతము, కారణమెరుగని మచ్చవ్యాధి 21.2 శాతము. రెండు లెక్కలను ప్రక్కప్రక్కన ఉంచి చూడుడు. మొదటిదానిలో ధూళిస్పందన వ్యాధి రెండవదానికంటె మూడున్నర రెట్లు. రెండవదానిలో సగము మాత్రమే. చండీగఢ్‌లో సార్కాయిడోసిస్ అను మరియొక వ్యాధి రోగులు 42.2 శాతమున్నందున తక్కిన శాతములు తగ్గినవని సమాధానము చెప్పుటకు వీలులేదు. రెండు వ్యాధుల నిష్పత్తిని ఆ మూడవ వ్యాధి మార్చజాలదు. వచ్చు రోగులలో తేడా కొంత యుండవచ్చును. కాని 0.24 అను అంకెను ఎరిగినవాడు తేడానంతయు రోగులపై వేసి ఊరకుండలేడు. ఏ వ్యాధి విషయమున బృందములు అందరికంటె తక్కువగా ఏకీభవించుచున్నవో, మన పట్టికలో ఆ వ్యాధియే అగ్రస్థానమున నున్నది.

కూలరును కొంచెము దగ్గరగా చూతము. తొట్టిలో నిలువ నీరు. మూడు ప్రక్కల తడిసిన గడ్డి తెరలు. వెనుకనుండి గాలిని లాగి గదిలోనికి విసరు ఫ్యాను. బూజునకును సూక్ష్మజీవులకును ఇంతకంటె అనువైన ఇల్లు కట్టియిచ్చుట కష్టము. వేసవి పోయిన పిదప ఆ తెరలను మార్చకయే మరుసటి ఏట తిరిగి తడుపుట తెలంగాణములోను రాయలసీమలోను ఎన్నో ఇండ్లలో జరుగుచున్నదే. కనుక కూలరుపై అనుమానము యుక్తమే. కాని అనుమానము నిరూపణము కాదు. ఏ వీధిలో రెండింట ఒక ఇంట కూలరున్నదో, ఆ వీధిలో రోగులలో సగముమందికి కూలరుండుట చేత ఏమియు తేలదు. ఆరోగ్యవంతులలోను సగముమందికి ఉన్నది. పావురములు వాలు మేడ వసారాల సంగతియు ఇంతే. బల్లచుట్టు కూర్చున్నవారిలో ఒకడు ‘ఇంట్లో కూలరున్నదట’ అనినంతనే స్కాన్‌లోని మసకకు అర్థము మారిపోవుచున్నది. మసకను చూచి పాథాలజిస్టు తన ముక్కలో దానికి తగిన కణములను వెదకుచున్నాడు. మూడు సాక్ష్యములవలె కనబడునది అపుడు ఒకే సాక్ష్యపు మూడు ప్రతిధ్వనులు. ఆరోగ్యవరపు రక్తపుచుక్క ఇట్టిది కాదు. ఎక్సురే ఏమి చెప్పినదో దానికి తెలియదు.

2020లో అమెరికా, జపాను, లాటిన్ అమెరికా వైద్య సంఘములు కలసియు, 2021లో అమెరికాలోని మరియొక ఛాతీ వైద్య సంస్థయు ఈ వ్యాధిని నిర్ణయించుటకు మార్గదర్శకములను ప్రకటించినవి. స్కాన్ రూపము, ధూళితో సంపర్కము, ఊపిరితిత్తిని నీటితో కడిగి తీసిన ద్రవములోని లింఫోసైటు కణముల శాతము, ముక్క పరీక్ష వీని బలాబలములను అవి వివరించినవి. మేలైన పనియే. అయినను రెండు మార్గదర్శకములును అన్నిట ఏకీభవింపలేదు. రెండును చివరకు నిపుణుల చర్చకే తీర్పును అప్పగించినవి.

ఇంతవరకు చదివినవారు సమావేశములే వలదని నేను వాదించుచున్నానని తలపవచ్చును. కాదు. సమావేశమువలన తప్పక కలుగు లాభమొకటి కలదు. దానిని పొగడువారు తగినంతగా పొగడుట లేదు. అది కత్తిని ఆపుట. ఊపిరితిత్తి ముక్క తీయుటకు తరచు ఛాతీకి శస్త్రచికిత్స చేయవలసి వచ్చును. అమెరికాలో 2000 నుండి 2011 వరకు జరిగిన ఇట్టి శస్త్రచికిత్సల లెక్క తీయగా, ముందుగా నిశ్చయించుకొని చేసినపుడు 1.7 శాతము రోగులు ఆసుపత్రిలోనే చనిపోయిరి. అత్యవసరముగా చేసినపుడు 16 శాతము. పేరు తెలిసికొనుటకు చేయు పరీక్షకు ఇది చాల ఎక్కువ వెల. స్కాన్‌లో తేనెపట్టు గూళ్ళు అంచులను, అడుగుభాగమును పట్టియుండి, రోగి వృత్తాంతమును దానికి సరిపోయినచో ముక్క తీయనక్కరలేదని 2011 నుండి అంతర్జాతీయ మార్గదర్శకములు చెప్పుచున్నవి. ఈ మాట చెప్పుటకు వైద్యుడు ఒక్కడు వెనుదీయును. రేడియాలజిస్టు ఒక్కడు వెనుదీయును. ఇద్దరును ఎదురెదురుగా కూర్చున్నపుడు ధైర్యముగా చెప్పగలుగుదురు.

ఇక లోపమును సవరించుకొనుటకు దారులు లేకపోలేదు. మొదటిది 2004 పరిశోధకులు చేసినదే: నోరు తెరువకముందు ప్రతివాడును తన అభిప్రాయమును కాగితముపై వ్రాయవలయును. పెద్ద డాక్టరుగారు మొదట మాటలాడుట మన ఆసుపత్రులలో మర్యాద. ఈ పనికి ఆ మర్యాద శత్రువు. వారు చివర మాటలాడవలయును. రేడియాలజిస్టు మొదటి చదువు చదువునపుడు ఆయనకు కూలరు సంగతి తెలియరాదు. రెండవమారు చదువునపుడు తెలియవలయును. రెండు చదువులకును నడుమ తేడా ఎంతయో నమోదు కావలయును. ఇది ఖర్చులేని పని.

రెండవది నమ్మకపు అంతస్తును చెప్పుట. 2017లో కొందరు అంతర్జాతీయ నిపుణులు ఒక పద్ధతిని సూచించిరి: తాము చెప్పు పేరుపై 90 శాతమునకు తగ్గని నమ్మకమున్నచో నిశ్చయమనియు, 51కును 89కిని నడుమ నున్నచో తాత్కాలికమనియు, అంతకు తగ్గినచో వర్గీకరింపరానిదనియు వ్రాయవలయునని. తాత్కాలికమును 70 దగ్గర మరల రెండుగా విభజించిరి. వర్షము పడును అనుటకును, పడు అవకాశము 70 శాతము అనుటకును భేదమున్నట్లే ఇదియు. రెండవ మాట చెప్పిన వాతావరణ శాస్త్రజ్ఞుని సంవత్సరాంతమున లెక్కకు పిలువవచ్చును: నీవు 70 శాతమన్న దినములలో నిజముగా ఎన్ని దినములు వాన పడినదయ్యా యని. వైద్య సమావేశమును ఇట్లు లెక్కకు పిలుచుట సాధ్యమే.

దేనితో లెక్క చూచుకొనవలయును? వ్యాధి నడకతో. ఏనుగును చూచు కన్నులున్నవాడు ఈ కథలో ఎవడైన నున్నచో అది కాలమే. 2016 పరిశోధకులు ఆ రోగుల మరణములనుకూడ గమనించిరి. బృందములలో చాలవాటి విషయమున, కారణమెరుగని మచ్చవ్యాధి యని వారు చెప్పినవారు తక్కినవారికంటె త్వరగా చనిపోయిరి. ఆ పేరు గాలిమాట కాదనుటకు ఇది సాక్ష్యము; కప్పా కంటె బలమైనది. ధూళిస్పందన వ్యాధికి కూడ ఇట్టి పరీక్ష యున్నది. అది ఇంకను సులభము. కూలరును తీసివేసి, లేదా పావురముల గూటిని తొలగించి, మూడు నాలుగు నెలల పిదప రోగి ఊపిరి ఎంత పట్టుచున్నదో యంత్రముతో కొలిచి చూచుట. కొలత మెరుగైనచో అనుమానము బలపడును. మెరుగుకానిచో, ముదిరిన మచ్చ మానదు గనుక, అనుమానము పూర్తిగా పోదు. ఈ ఒంటిచేతి స్వభావమును కూడ రోగి కాగితములో వ్రాసియుంచవలయును.

జిల్లా పట్టణములలోని రోగులకు మువ్వురు నిపుణులు ఒకచోట దొరకుట కష్టము. స్కాన్ చిత్రములను క్షణములో హైదరాబాదునకో విశాఖపట్నమునకో పంపి, దూరమునుండియే సమావేశము జరుపుట నేడు సాధ్యమైనది, ఇది మంచిదే. ఈ ఏర్పాటులో చిత్రము ప్రయాణము చేయును, గాజుపలక ప్రయాణము చేయును, రోగి వృత్తాంతము మాత్రము నాలుగు పంక్తులకు కుదించుకొనిపోవును. వృత్తి: వ్యవసాయము. పొగత్రాగుట: లేదు. ఏ పంటయో, ఎండుగడ్డి ఎచట నిలువచేయుదురో, వేసవిలో ఏ గదిలో పడుకొందురో, తలగడలో దూది యున్నదో ఈకలున్నవో ఆ పంక్తులలో నుండవు. ఆ సంగతులను అడిగి వ్రాయుటకు రోగి ఇంటిదాక పోగల ఆరోగ్య కార్యకర్త చాలును. సమావేశపు బల్లవద్ద నాలుగవ కుర్చీ వేయవలసినచో ఆమెకు వేయవలయును. ఆమె వ్రాసికొనివచ్చిన కాగితమును తక్కిన మువ్వురి మొదటి అభిప్రాయములు నమోదైన పిదపనే విప్పవలయును.